పాత రోడ్డు మ్యాపులో మన ఊరు



మన బడిలో "మా ఊరు" పాఠం వచ్చిన ప్రతిసారీ నాకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. పాఠంలో ఊరంటే చెరువు, గుడి, పొలం, రచ్చబండ. పిల్లలు ఆ మాటలన్నీ బుద్ధిగా రాసుకుంటారు. "సరే, ఇప్పుడు మీ ఊరి గురించి నాలుగు వాక్యాలు రాయండి" అనగానే అమ్మమ్మగారి ఊరి గురించి రాస్తారు, లేదంటే పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటారు. తాము పుట్టి పెరుగుతున్న హ్యూస్టన్ గురించి రాయొచ్చని వాళ్ళకి తట్టదు. చరిత్ర అనేది ఓరుగల్లుకీ అమరావతికీ ఉంటుంది గానీ కేటీకీ షుగర్ ల్యాండ్‌కీ ఏముంటుందని వాళ్ళ ఉద్దేశం. నిజం చెప్పాలంటే చాలాకాలం నా ఉద్దేశమూ అదే.

రెండేళ్ళ కిందట మా వీధి చివరింట్లో ఎస్టేట్ సేల్ పెట్టారు. అక్కడ ఒక అట్టపెట్టెలో, మడతల దగ్గర చిరిగిపోయిన పాత హ్యూస్టన్ రోడ్డు మ్యాపు ఒకటి రెండు డాలర్లకు దొరికింది. ఒకప్పుడు గ్యాస్ స్టేషన్లలో ఊరికే ఇచ్చేవారే, ఆ రకం. మరుసటి ఆదివారం దాన్ని తరగతికి తీసుకెళ్ళి బల్ల మీద పరిచాను. పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న మీరు ఊహించే ఉంటారు: "టీచర్, మా ఇల్లెక్కడ?"

వెతికాం. ఐ-10 దారి వెంట వేలు పెట్టి పడమరగా జరిపాం. మ్యాపు అయిపోయింది గానీ ఇల్లు రాలేదు. చివరికి ఒక పిల్లవాడు కాగితం అంచు దాటి, బల్ల మీద నాలుగు అంగుళాల అవతల వేలు పెట్టి, "ఇక్కడ" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. ఆ మ్యాపు వేసిన నాటికి మనలో చాలామంది ఇళ్ళు మ్యాపు అంచు అవతలే ఉన్నాయి. ఆ అంచు ఎలా జరుగుతూ వచ్చిందో, అక్కడ అంతకుముందు ఏముండేదో తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. దీన్ని తరగతిలో ఎలా వాడుకోవచ్చో చివర్లో చెప్తాను.

ఊరికే ఇచ్చిన కాగితం

ముందు ఈ మ్యాపుల సంగతి చెప్పుకుందాం. అమెరికాలో కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో దారి తెలుసుకోవడమే పెద్ద పని. 1913 డిసెంబరులో గల్ఫ్ కంపెనీ పిట్స్‌బర్గ్‌లో ఒక గ్యాస్ స్టేషన్ తెరిచింది. కొద్దికాలానికే వచ్చినవాళ్ళకి రోడ్డు మ్యాపులు ఉచితంగా పంచడం మొదలుపెట్టింది. మిగతా ఆయిల్ కంపెనీలూ అదే బాట పట్టాయి. 1926లో దేశమంతటా హైవేలకు నంబర్లు పెట్టాక మ్యాపు చదవడం మామూలు మనుషులకు కూడా తేలికైంది. ఆ మ్యాపుల్ని ఆయిల్ కంపెనీలు సొంతంగా గీయలేదు. ర్యాండ్ మెక్‌నాలీ, గౌషా, జనరల్ డ్రాఫ్టింగ్ అనే మూడు సంస్థలు ఎక్కువ భాగం తయారుచేసి ఇచ్చేవి. 1973 చమురు సంక్షోభం తర్వాత ఉచిత మ్యాపుల కాలం దాదాపు ముగిసింది.

ఇవి చరిత్రకు ఎందుకు పనికొస్తాయంటే, వీటిని తరచుగా సరిదిద్ది మళ్ళీ అచ్చువేసేవారు. జనాభా లెక్కలు పదేళ్ళకోసారి వస్తాయి. రోడ్డు మ్యాపుకి అంత తీరిక లేదు. కొత్త రోడ్డు పడ్డాక మ్యాపులో అది లేకపోతే కారులో వెళ్ళేవాడు దారి తప్పుతాడు, కంపెనీని తిట్టుకుంటాడు. అందుకని కొత్త వీధి, కొత్త వంతెన, పేరు మారిన విమానాశ్రయం అన్నీ ఎప్పటికప్పుడు ఇందులోకి ఎక్కేవి. పదేళ్ళ తేడాతో అచ్చయిన రెండు మ్యాపులు పక్కపక్కన పెడితే ఊరు ఏ వైపు ఎంత నడిచిందో కంటికి కనిపిస్తుంది.

అయితే వీటిని ఎవరు, ఎందుకు వేయించారో మర్చిపోకూడదు. పెట్రోలు అమ్ముకునేవాళ్ళు కారు నడిపేవాళ్ళ కోసం వేయించిన కాగితాలివి. అందువల్ల రోడ్డు లావుగా, ఎర్రగా కనిపిస్తుంది. బస్సు దారి కనిపించదు. పొలం, అడవి, గడ్డి నేల అన్నీ ఒకే తెలుపు. ఆ తెలుపు గురించి కాసేపట్లో మాట్లాడుకుందాం.

మన హ్యూస్టన్‌కి ఇంకో ప్రత్యేకత ఉంది. 1950ల చివర నుంచి "కీ మ్యాప్" అనే స్పైరల్ పుస్తకం ఇక్కడ వాడుకలోకి వచ్చింది. ఊరిని గళ్ళుగా విడగొట్టి, ఒక్కో పేజీకి నంబరు, పేజీలో ఒక్కో గడికి ఒక అక్షరం పెట్టారు. ఫోన్లలో దారి చూపించే రోజులు రాకముందు ఇల్లు అమ్మే ఏజెంట్లూ సామాను తెచ్చే డ్రైవర్లూ ఈ పేజీ నంబరుతోనే చిరునామా చెప్పుకునేవారు. మన బడిలో ఇరవై, ముప్పై ఏళ్ళ కిందట వచ్చిన పెద్దల్ని అడగండి, కారు సీటు కింద పెట్టుకున్న ఆ పుస్తకం చాలామందికి గుర్తుంటుంది.

తేదీ లేని మ్యాపుకి తేదీ కనుక్కోవడం

నాకు దొరికిన మ్యాపు మీద సంవత్సరం లేదు. పాత ఉచిత మ్యాపుల్లో చాలావాటి మీద స్పష్టంగా ఉండదు. పాతబడిపోయిందని వాడేవాళ్ళకి తెలియడం అచ్చువేసినవాళ్ళకి ఇష్టం ఉండదు కదా! దాంతో తేదీ కనుక్కోవడం పిల్లలకు మంచి ఆట అయింది. మ్యాపు మీదున్న పేర్లే సాక్ష్యం చెప్తాయి.

ఊరికి దక్షిణాన ఉన్న విమానాశ్రయాన్ని ఇప్పుడు మనం హాబీ అంటాం. నా మ్యాపులో దాని పేరు "హ్యూస్టన్ ఇంటర్నేషనల్". హాబీ అన్న పేరు 1967లో వచ్చింది కాబట్టి మ్యాపు అంతకన్నా ముందుది. ఉత్తరాన పెద్ద విమానాశ్రయం జాడే లేదు. ఇంటర్‌కాంటినెంటల్ తెరిచింది 1969లో, కనుక అదీ సరిపోయింది. ఆగ్నేయాన క్లియర్ లేక్ దగ్గర "మ్యాన్డ్ స్పేస్‌క్రాఫ్ట్ సెంటర్" అని ఉంది. నాసా కేంద్రం హ్యూస్టన్‌కి వస్తోందని ప్రకటించింది 1961లో. దానికి జాన్సన్ పేరు పెట్టింది 1973లో. అంటే మ్యాపు 1961 తర్వాతది. ఇక ఆస్ట్రోడోమ్ తెరిచింది 1965లో, అది మ్యాపులో కనిపించలేదు. మొత్తానికి మా మ్యాపు 1960ల మొదటి సగంలో అచ్చయిందని తరగతి తీర్పు చెప్పింది. ఐదో తరగతి పిల్లలు "ఉంది కాబట్టి", "లేదు కాబట్టి", "అంతకుముందు", "ఆ తర్వాత" అనే మాటల్ని ఒక గంటలో అన్నిసార్లు తెలుగులో వాడటం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

రెండు మ్యాపులు పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఊరు పెరిగినంత మాత్రాన కాగితం పెరగదు. అదే కాగితంలో పెద్ద ఊరు పట్టించాలంటే స్కేలు మార్చాలి. అందువల్ల 1960 నాటి మ్యాపులో అరచేయంత ఉన్న డౌన్‌టౌన్, 1990 నాటి మ్యాపులో బొటనవేలంత కనిపించవచ్చు. డౌన్‌టౌన్ చిన్నదైపోలేదు, చుట్టూ ఊరు పెరిగింది. కింద మూలలో ఉండే స్కేలు గీతను ముందు చూడమని పిల్లలకు చెప్పండి.

గీతలు చెప్పే కథ

హ్యూస్టన్‌ని 1836లో అలెన్ సోదరులు బఫెలో బేయూ ఒడ్డున స్థాపించారు. బేయూ అంటే మన మాటల్లో నెమ్మదిగా పారే వాగు అనుకోవచ్చు. చాలాకాలం ఊరంతా ఆ వాగు పక్కనే. 1914లో ఓడలు వచ్చేలా షిప్ ఛానల్ తెరిచారు. ఆ తర్వాత నూనె శుద్ధి కర్మాగారాలు తూర్పు వైపు వరుస కట్టాయి. 1940లో నగర జనాభా సుమారు 3 లక్షల 85 వేలు. 1960కి 9 లక్షల 38 వేలు. 1980కి దాదాపు 16 లక్షలు. 2020కి 23 లక్షలు దాటింది.

ఈ అంకెలు మ్యాపుల్లో గీతలుగా కనిపిస్తాయి. మొదటి గీత గల్ఫ్ ఫ్రీవే. హ్యూస్టన్ నుంచి గాల్వెస్టన్‌కి 1911 నుంచి 1936 దాకా ఒక ఎలక్ట్రిక్ రైలు నడిచేది. అది ఆగిపోయాక ఆ పట్టాలున్న నేల మీదే టెక్సాస్‌లో తొలి ఫ్రీవే కట్టారు. మొదటి భాగం 1948లో తెరిచారు, 1952కి గాల్వెస్టన్ దాకా పూర్తయింది. ఇవాళ మనం ఐ-45 మీద బీచ్‌కి వెళ్ళేటప్పుడు, ఊరి దగ్గర కొంతదూరం ఆ పాత రైలు దారి మీదే వెళ్తున్నాం.

తర్వాతవి చుట్టు గీతలు. 610 లూప్ 38 మైళ్ళు, 1970ల మధ్యకి చుట్టూ కలిసింది. 1960ల మ్యాపులో అది అక్కడక్కడ నిండు గీత, అక్కడక్కడ చుక్కల గీత. చుక్కలంటే "కట్టబోతున్నాం" అని అర్థం. దాని బయట బెల్ట్‌వే 8, సుమారు 88 మైళ్ళు. చివరి ముక్క 2011లో గానీ పూర్తి కాలేదు. దానికీ బయట గ్రాండ్ పార్క్‌వే. అందులో మొదటి భాగం 1994లో తెరిచింది మన కేటీ, షుగర్ ల్యాండ్ వైపే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. బెల్ట్‌వే 8 కిలోమీటర్లలో చెప్పుకుంటే 140 దాటుతుంది. ఈ పోలిక చెప్తే హైదరాబాద్ నుంచి వచ్చిన తల్లిదండ్రులకు హ్యూస్టన్ సైజు ఇట్టే అర్థమవుతుంది.

చుక్కల గీతలన్నీ రోడ్లు కావని కూడా పిల్లలకు చెప్పాలి. లా పోర్ట్ ఫ్రీవేని 610 లోపలికి, డౌన్‌టౌన్ వైపు పొడిగించాలని ఒక పథకం ఉండేది. హారిస్‌బర్గ్ ఫ్రీవే అని దాని పేరు. అది కట్టనే లేదు. ఊరు అలా కాకుండా ఇంకోలా పెరిగి ఉండేదని అలాంటి గీతలు గుర్తు చేస్తాయి.

పోయిన గీతలూ ఉన్నాయి. పాత మ్యాపులో ఐ-10 పక్కనే అడ్డపుల్లల్లాంటి గుర్తులతో ఒక రైలు దారి కనిపిస్తుంది. అది మిస్సోరి-కాన్సస్-టెక్సాస్ రైలు, జనం ముద్దుగా "కేటీ" అని పిలిచేవారు. కేటీ ఊరికి ఆ పేరు ఆ రైలు నుంచే వచ్చిందని ఎక్కువమంది చెప్తారు. ఆ పట్టాలు తీసేసిన నేల కూడా కలుపుకుని కేటీ ఫ్రీవేని వెడల్పు చేశారు, ఆ పని 2008లో ముగిసింది. రోజూ ఆ ఫ్రీవే మీద ట్రాఫిక్‌లో కూర్చునే మనకు అక్కడ రైలు ఉండేదని తెలియదు.

తెల్లగా వదిలేసిన చోటు

ఇక ఆ తెలుపు దగ్గరికి వద్దాం. మా మ్యాపులో పడమర అంచు దగ్గర దాదాపు ఏమీ లేదు. పిల్లలు "ఖాళీ" అన్నారు. నేను కూడా ఔనన్నాను. తర్వాత ఇంటికెళ్ళి చదివితే తప్పు తెలిసింది. కేటీ చుట్టుపక్కల నేలలో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దం మొదటి నుంచి వరి పొలాలు. వడ్లు ఆరబెట్టి నిల్వచేసే ఎత్తైన గోదాములు ఆ ఊరికి ఆనవాళ్ళు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరి పొలాల పక్కన పెరిగిన మనం, ఇంత దూరం వచ్చి, మళ్ళీ వరి పొలాల మీద కట్టిన ఇళ్ళలోనే ఉంటున్నాం! ఈ మాట చెప్పగానే ఒక తండ్రి తన తరగతి కాకపోయినా లోపలికొచ్చి కూర్చున్నాడు.

షుగర్ ల్యాండ్ తెలుపు వెనక కథ అంత సరదాగా ఉండదు. 1970లో ఆ ఊరి జనాభా 3,318. 2020లో 1,11,026. చక్కెర మిల్లు చుట్టూ పుట్టిన ఊరు కాబట్టి ఆ పేరు. మిల్లు కన్నా ముందు అక్కడ చెరకు తోటలు, వాటిల్లో పనిచేసింది బానిసలు. 1865లో టెక్సాస్‌లో బానిసత్వం పోయింది. ఆ తర్వాత ఖైదీలను తోటల యజమానులకు కౌలుకిచ్చినట్టు ఇచ్చే పద్ధతి పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. ఆ పద్ధతి 1910ల మొదటికి ఆగింది. 2018లో అక్కడ ఒక బడి కోసం పునాదులు తవ్వుతుంటే గుర్తు తెలియని సమాధుల్లో 95 మంది అవశేషాలు బయటపడ్డాయి. ఆ సమాధుల చోటు ఏ గ్యాస్ స్టేషన్ మ్యాపులోనూ లేదు. మ్యాపు గీసినవాళ్ళు అబద్ధమాడారని నేను అనను. కారు నడిపేవాడికి అది అక్కర్లేదని వాళ్ళు అనుకున్నారు, అంతే. అక్కర్లేదనుకున్నది మ్యాపులోంచి జారిపోతుంది, మ్యాపులో లేనిది కొన్నాళ్ళకి జనం నోటి నుంచీ జారిపోతుంది.

ఊరి మధ్యలో కూడా ఇలాంటిదే ఒకటి చూడండి. బానిసత్వం పోయాక విడుదలైనవాళ్ళు బఫెలో బేయూ దక్షిణ ఒడ్డున ఫ్రీడ్‌మెన్స్ టౌన్ కట్టుకున్నారు. వీధుల్లో ఇటుకలు కూడా వాళ్ళే పరుచుకున్నారు. 1950ల తర్వాతి మ్యాపుల్లో దాని తూర్పు పక్కగా ఐ-45 లావు గీత వచ్చి పడింది. ఈశాన్యాన ఫిఫ్త్ వార్డు మీదుగా ఐ-10, 59 నంబరు హైవే రెండూ వెళ్ళాయి. కొత్త మ్యాపు ఒక్కటే చూస్తే అది రోడ్డు. పాత మ్యాపు పక్కన పెట్టి ఆ గీత కింద ఎన్ని వీధుల పేర్లు మాయమయ్యాయో లెక్కపెడితే అప్పుడు తెలుస్తుంది, ఊరి శివార్ల నుంచి డౌన్‌టౌన్‌కి మనం ఇంత త్వరగా చేరడానికి ఎవరు ఇళ్ళు వదులుకున్నారో.

నీళ్ళ సంగతి

ఈ భాగం తల్లిదండ్రులు తప్పకుండా చదవాలని నా కోరిక.

మా పాత మ్యాపు పడమర అంచు దగ్గర రెండు పేర్లు ఉన్నాయి: ఎడిక్స్, బార్కర్. పక్కన "రిజర్వాయర్" అని రాసి ఉంది, కానీ నీలం రంగు లేదు. పిల్లలకు అది వింతగా అనిపించింది. మన నాగార్జున సాగర్‌లా నీళ్ళు కనిపించాలి కదా! ఇవి వేరే రకం. 1929లోనూ 1935లోనూ బఫెలో బేయూ పొంగి డౌన్‌టౌన్ మునిగింది. 1937లో హారిస్ కౌంటీ వరద నియంత్రణ సంస్థ ఏర్పడింది. డౌన్‌టౌన్‌ని కాపాడటానికి ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ పడమరన పొడవాటి మట్టి కట్టలు వేసింది. బార్కర్ 1945లో, ఎడిక్స్ 1948లో పూర్తయ్యాయి. మామూలు రోజుల్లో అవి ఎండి ఉంటాయి. పెద్ద వాన వస్తే నీళ్ళు ఆపి, తర్వాత మెల్లగా వదులుతాయి. ఇప్పటి మ్యాపుల్లో వాటి లోపలి నేల చాలావరకు పచ్చగా, పార్కులుగా కనిపిస్తుంది. మనవాళ్ళు క్రికెట్‌కి, పిక్నిక్‌లకు వెళ్ళే జార్జ్ బుష్ పార్క్ బార్కర్ లోపలే ఉంది.

కట్టలు వేసినప్పుడు నీళ్ళు నిలవగల నేల మొత్తాన్నీ ప్రభుత్వం కొనలేదు. బాగా నిండితే మునిగే అంచు నేల కొంత ప్రైవేటు వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది. అప్పుడు అదంతా పొలాలూ పశువుల మేతా. అర్ధశతాబ్దం గడిచింది. ఊరు పడమరకి నడిచింది. 1990ల నుంచి బార్కర్ పడమటి వైపు కొత్త కాలనీలు లేచాయి. రోడ్డు మ్యాపులో అక్కడ అందమైన వంపుల వీధులు, వాటికి ఇంకా అందమైన పేర్లు. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చింది. నాలుగైదు రోజుల్లో కొన్నిచోట్ల 40 అంగుళాలకు మించి వాన కురిసింది. రెండు రిజర్వాయర్లూ అంతకుముందెన్నడూ లేనంత నిండాయి. కట్ట వెనక్కి ఎగదన్నిన నీళ్ళు ఆ కాలనీల్లోకి వచ్చి రోజుల తరబడి నిలిచాయి.

మన పై తరగతిలో ఒక అమ్మాయి ఉంది. అప్పటికి ఆమెకి ఏడేళ్ళు. వాళ్ళ అమ్మానాన్నల అనుమతితోనే ఇది రాస్తున్నాను. వాళ్ళని పడవలో తీసుకెళ్ళారు. బొమ్మల పెట్టె మేడ మీద పెట్టడం మర్చిపోయామని ఇప్పటికీ అంటుంది. పాత మ్యాపు చూసిన రోజు అందరూ వెళ్ళాక తను ఆగి అడిగింది: "ఇక్కడ రిజర్వాయర్ అని అప్పుడే రాసుంది కదా టీచర్. అంటే నీళ్ళొస్తాయని వాళ్ళకి ముందే తెలుసా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. తర్వాతి వారం వెతికి చెప్పాను. తెలుసు. కాకపోతే అది రాసిన కాగితం వేరు. కాలనీ వేసేటప్పుడు కౌంటీలో నమోదు చేసే లేఔట్ కాగితం ఒకటి ఉంటుంది, ఇక్కడ ప్లాట్ అంటారు. ఫోర్ట్ బెండ్ కౌంటీలో బార్కర్‌ని ఆనుకుని ఉన్న కొన్ని కాలనీల ప్లాట్‌ల మీద, ఈ స్థలం రిజర్వాయర్ పక్కన ఉంది, నీళ్ళు నిలిచే అవకాశం ఉంది అన్న అర్థంలో చిన్న అక్షరాలతో ఒక గమనిక ఉంది. ఇల్లు కొనేటప్పుడు ఆ కాగితం తీసి చదివేవాళ్ళు ఎంతమంది? మనం బడి రేటింగు చూస్తాం, ఆఫీసుకి ఎంతసేపో చూస్తాం, తూర్పు ముఖమా కాదా అని తప్పకుండా చూస్తాం. ఈ నేల మీద మనకన్నా ముందు ఏముండేదని అడగం.

నేను ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. నేనూ ఇల్లు కొన్నప్పుడు దిక్కు చూశాను, ప్లాట్ చూడలేదు. కానీ పాత మ్యాపు ఒకటి పక్కన పెట్టుకుని ఉంటే, అందులో రెండు పేర్లు చదివి ఉంటే, కనీసం ఒక ప్రశ్న అడిగి ఉండేదాన్ని. చరిత్ర పాఠం ఏం పనికొస్తుందని పిల్లలు అడిగితే నేను ఈ సంగతే చెప్తాను.

తరగతిలో ఎలా చెప్పాలి

దీన్ని రెండు ఆదివారాల పాఠంగా చెప్పుకోవచ్చు. మొదటి వారం పాత మ్యాపు మాత్రమే ఇవ్వండి. దిక్కులు, వాగు, కూడలి, వంతెన, శివారు, అంచు అనే మాటలు ముందు పలికించండి. ఆ తర్వాత తేదీ కనుక్కునే ఆట ఆడించండి. రెండో వారం పల్చటి ట్రేసింగ్ కాగితం ఇచ్చి పాత మ్యాపులోని పెద్ద రోడ్లు గీయించండి. స్కేలు ఒకటే అయ్యేలా అచ్చుతీసిన ఇప్పటి మ్యాపు మీద దాన్ని పెట్టమనండి. కొత్తగా వచ్చినవి ఒక రంగు, పోయినవి ఇంకో రంగు. చివర్లో ప్రతివాళ్ళూ మూడు వాక్యాలు రాయాలి: ఇక్కడ ఇప్పుడు ఏముంది, ఇక్కడ అప్పుడు ఏముండేది, ఇది మ్యాపులో ఎందుకు లేదు. "ఉంది", "ఉండేది" తేడా మన పిల్లలకు ఎంత కష్టమో మీకు తెలుసు. ఈ పాఠంలో ఆ తేడా తనంతట తానే వస్తుంది.

ఇంటికి ఇచ్చే పని తల్లిదండ్రులతో కలిసి చేయాలి. మీరు వదిలి వచ్చిన ఊరి మ్యాపు గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద గీయండి. 1995లో హైదరాబాద్ వదిలినవాళ్ళ మ్యాపులో హైటెక్ సిటీ ఉండదు, ఎందుకంటే సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. 2010లో వచ్చినవాళ్ళ మ్యాపులో అదే ముఖ్యమైన చోటు. ఇద్దరూ గీసింది ఒకే ఊరు! 1908లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేసిన కొన్నేళ్ళకి, 1912 నుంచి 1915 దాకా లెనార్డ్ మన్ పర్యవేక్షణలో ఆ నగరానికి చాలా వివరమైన మ్యాపులు తయారయ్యాయి. వాటిల్లో చెరువులుగా ఉన్న చోట్లు ఇప్పుడు పేర్లుగా మాత్రమే మిగిలాయి. మాసబ్ ట్యాంక్‌లో ట్యాంక్ ఎక్కడుందని మీ పిల్లలు అడిగితే ఏం చెప్తారు? ఎడిక్స్ కథ చదివిన పిల్లలు ఆ ప్రశ్న తప్పకుండా అడుగుతారు. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లోకి నీళ్ళు వచ్చిన వార్త మీరు చూసే ఉంటారు, కాబట్టి జవాబు మీకూ తెలుసు.

చిన్న పిల్లలకు సమాధుల కథ, తుఫాను కథ చెప్పేటప్పుడు వయసు చూసుకోండి. ఇల్లు మునిగిన కుటుంబాల పిల్లలు తరగతిలో ఉంటే ముందుగా వాళ్ళ తల్లిదండ్రులతో మాట్లాడండి. చెప్పమని వాళ్ళని బలవంతం చేయకండి. వాళ్ళే చెప్తే వినండి.

పోయిన ఏడాది మా తరగతి పిల్లలు ఆ పాత మ్యాపు పడమర అంచుకి రెండు తెల్ల కాగితాలు అతికించి, తమ వీధులు తామే గీశారు. ఒకడు తన ఇంటి పక్కన "ఇక్కడ వరి పండేది" అని రాశాడు. మునిగిన ఇంటి అమ్మాయి నీలం పెన్సిల్ తీసుకుని, పార్కు చుట్టూ ఒక గీత గీసి, "నీళ్ళు ఇక్కడి దాకా వచ్చాయి" అని రాసింది. అక్షర దోషం ఒక్కటి కూడా లేదు.

ఆ మ్యాపు బడి బీరువాలో పై అరలో ఉంది. ఎవరైనా తీసుకోవచ్చు. మళ్ళీ పెట్టేటప్పుడు మాత్రం పాత మడతల మీదే మడవండి, కొత్త మడత పెడితే చిరిగిపోతుంది.